అతుకుల బొంతలా మారిన ఎల్‌ఈడీ వాల్: ఒక కేస్ స్టడీ

ఆడిటోరియం వాళ్లు ఫోన్‌లో చెప్పిన కంప్లైంట్ ఒక్క ముక్క: "తెల్ల స్లైడ్ వేస్తే స్క్రీనంతా అతుకుల బొంతలా ఉంది, కేలిబ్రేషన్ చేసిపెట్టండి." వీడియో ఆడుతున్నప్పుడు పెద్దగా తెలియదట. తెల్లటి నేపథ్యం మీద నాలుగు లైన్ల అక్షరాలు పెడితే మాత్రం జనం చూపు అక్షరాల మీద కాకుండా గళ్ల మీదికి పోతోందట. కేలిబ్రేషనే (స్క్రీనంతా వెలుగు, రంగు సమం చేయడమే) మందు అని వాళ్లే తేల్చేశారు, నేనూ తలూపాను. కెమెరా, ట్రైపాడ్, ల్యాప్‌టాప్ సర్దుకుని వెళ్లాను. ఆ తలూపుడికి ఒక రాత్రి పని మొత్తం నీళ్లపాలైంది. అది ఎందుకు పాడైందో, రెండోసారి ఏ వరుసలో చేస్తే నిలబడిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాల్ వివరాలు. పి2.5 స్క్రీన్, అంటే పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. మాడ్యూల్ (స్క్రీన్‌గా పేర్చే చిన్న ఎల్‌ఈడీ పలక) సైజు 320×160 మిల్లీమీటర్లు, అందులో 128×64 పిక్సెళ్లు. ఆరు మాడ్యూళ్లకి ఒక క్యాబినెట్. అడ్డంగా పది, నిలువుగా ఆరు, మొత్తం 60 క్యాబినెట్లు. వెడల్పు 6.4 మీటర్లు, ఎత్తు 2.88 మీటర్లు, రిజల్యూషన్ 2560×1152. ఇరవై తొమ్మిదిన్నర లక్షల పిక్సెళ్లన్నమాట. ఒక్కోదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్పులు మూడేసి లెక్కేస్తే 88 లక్షలకు పైనే. బిగించి మూడేళ్లయింది. ఈలోగా పాడైన మాడ్యూళ్ల చోట 44 కొత్తవి వేశారు. అవి వేరే బ్యాచ్‌వి. ఆ తేడా కనిపించకుండా ఉండాలని ఎవరో కంటి అంచనాతో క్యాబినెట్‌కో రకంగా ఎరుపు, నీలం విలువలు తగ్గించి పెంచి పెట్టారు కూడా.

మొదటి రాత్రి

ఆ రాత్రి నేను చేసింది చాలామంది చేసేదే. పాత సెట్టింగులు తుడిచేసి, స్క్రీన్ ఆన్ చేసిన ఇరవై నిమిషాలకే కెమెరాతో కొలవడం మొదలుపెట్టాను. షాటుకీ షాటుకీ మధ్య స్క్రీన్ నల్లగా ఉంచాను. తెల్లవారుజామున నాలుగింటికి గుణకాలు (ఏ పిక్సెల్‌ని ఎంత తగ్గించాలో చెప్పే అంకెలు) రిసీవింగ్ కార్డుల్లోకి (మాడ్యూళ్లని నడిపే బోర్డుల్లోకి) ఎక్కించి తెలుపు వేస్తే కాగితం పరిచినట్టుంది. హాలు టెక్నీషియన్ ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. నేను ఇంటికెళ్లి పడుకున్నాను.

పదకొండింటికి అదే టెక్నీషియన్ ఫోన్. "సార్, పొద్దున ప్రోగ్రామ్ మొదలైనప్పుడు సూపర్‌గా ఉంది. ఇప్పుడు పై రెండు వరుసలూ నీలంగా తిరిగాయి. కుడి చివర మాత్రం ఎర్రగా ఉంది. రాత్రి మీరు వెళ్లాక మేమెవరం ఏమీ ముట్టుకోలేదు."

నిజమే, వాళ్లు ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సినవి నేనే ముట్టుకోలేదు. కేలిబ్రేషన్ అంటే ప్రతి పిక్సెల్ ఎంత వెలుగుతోందో కొలిచి, ఎక్కువ వెలిగేదాన్ని తగ్గించి అందరినీ ఒక మట్టానికి తేవడం. కొలిచిన క్షణంలో స్క్రీన్ ఏ స్థితిలో ఉందో ఆ స్థితికే అది సరిపోతుంది. వేడెక్కితే మారే స్క్రీన్‌కీ, లోడు పడితే వోల్టేజ్ జారిపోయే స్క్రీన్‌కీ గుణకాలు రాయడమంటే కదిలే బల్ల మీద తూకం వేయడమే.

కుడి చివర ఎరుపు

రెండోసారి వెళ్లినప్పుడు కెమెరా బ్యాగు తెరవలేదు. మల్టీమీటర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, స్క్రూడ్రైవర్, అంతే.

కుడి చివరి నిలువు వరుసలో పూర్తి తెలుపు వేస్తే లేత ఎరుపు మచ్చ. బ్రైట్‌నెస్ సగానికి దించితే మచ్చ సగానికి పైగా పోయింది. ఉత్త ఎరుపు వేస్తే బాగుంది, ఉత్త ఆకుపచ్చ బాగుంది, ఉత్త నీలం బాగుంది. మూడూ కలిస్తేనే గొడవ. ఇలా ఉంటే చిప్పుల మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు, కరెంటు దారి చూడాలి.

ఎందుకంటే ఎరుపు ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు 2 వోల్టులు చాలు. ఆకుపచ్చకీ నీలానికీ దాదాపు 3 కావాలి. దాని పైన వరుసల్ని ఆన్-ఆఫ్ చేసే స్విచ్‌కీ, కరెంటు నిలకడగా ఉంచే డ్రైవర్ ఐసీకీ కొంత వోల్టేజ్ మిగలాలి. సప్లై 5 వోల్టులున్నంత సేపూ అందరికీ సరిపోతుంది. తీగలో వోల్టేజ్ జారిపోతే ముందు ఆకలేసేది నీలానికీ ఆకుపచ్చకీ. ఎరుపు నిబ్బరంగా ఉంటుంది. అందుకే తెలుపు ఎర్రబారుతుంది.

పవర్ సప్లై దగ్గర కొలిస్తే 4.98 వోల్టులు. పూర్తి తెలుపులో చివరి మాడ్యూల్ టెర్మినల్స్ దగ్గర 4.1. ఆ వరుసలో ఎవరో ఒకే సన్నటి తీగ మీద మూడేసి మాడ్యూళ్లు గొలుసుగా కలిపారు. రెండు కనెక్టర్లయితే వేడికి గోధుమరంగు తిరిగి, వేలితో లాగితే ఊడొచ్చేంత వదులుగా ఉన్నాయి. మందం తీగలు వేసి, కనెక్టర్లు మార్చి, ఒక్కో తీగకి ఒక్కో మాడ్యూలే ఉండేట్టు చేశాక అదే చోట 4.7 వచ్చింది. మచ్చ పోయింది. ఆ వేడెక్కిన కనెక్టర్లు రంగు తేడాతోనే ఆగుతాయన్న నమ్మకమూ లేదు, అది వేరే టెన్షన్.

నాకు అసలు చురుక్కుమన్న విషయం వేరే. కేలిబ్రేషన్ కెమెరా ఎప్పుడూ ఒక్కో రంగునే విడిగా వెలిగించి కొలుస్తుంది. ఒక్క రంగు వెలిగినప్పుడు లోడు తెలుపు లోడులో మూడో వంతు చుట్టుపక్కలే. వోల్టేజ్ జారదు. అంటే ఈ జబ్బు కెమెరాకి ఎప్పటికీ కనిపించదు. ఎన్ని లక్షల కెమెరా తెచ్చినా కనిపించదు. మొదటి రాత్రి నాలుగింటికి నేను చూసిన తెలుపు ఎందుకు బాగుందంటే, అప్పుడు బ్రైట్‌నెస్ తగ్గించి చూశాను. పొద్దున ప్రోగ్రామ్ వాళ్లు పూర్తిగా పెంచారు.

పై వరుసల నీలం

ఇది వేడి కథ. ఎరుపు చిప్పు తయారయ్యే పదార్థం అల్యూమినియం ఇండియం గాలియం ఫాస్ఫైడ్. ఆకుపచ్చ, నీలం రెండూ ఇండియం గాలియం నైట్రైడ్. కలిసి ఒకే ప్యాకేజీలో కూర్చున్నా వీళ్లు ఒక తల్లి బిడ్డలు కారు. వేడి తగిలితే ఎరుపు గబగబా డీలా పడుతుంది, మిగతా ఇద్దరూ అంతగా చలించరు. స్క్రీన్ ఆన్ చేసినప్పటి నుంచి గంట వరకు ఒకే చోట కొలిస్తే ఈ వాల్‌లో ఎరుపు 11 శాతం పడిపోయింది, ఆకుపచ్చ 3 శాతం, నీలం 1 శాతం. తెలుపులో ఎరుపు తగ్గితే మిగిలేది నీలి-ఆకుపచ్చ ఛాయ. టెక్నీషియన్ చెప్పిన "నీలం" అదే.

అన్ని క్యాబినెట్లూ సమానంగా వేడెక్కితే ఇబ్బందే లేదు, స్క్రీనంతా కలిసి మారుతుంది, కన్ను దానికి అలవాటు పడిపోతుంది. ఇక్కడ కింది వరుస ముఖం మీద 34 డిగ్రీలుంటే పై వరుస 46 ఉంది. స్క్రీన్ వెనక అందం కోసం ప్లైవుడ్‌తో పెట్టెలా మూసేశారు, పైన గాలి పోయే సందు లేదు. పై పలకలు రెండు తీయించి జాలీ పెట్టిస్తే తేడా 12 డిగ్రీల నుంచి 5కి దిగింది. సాఫ్ట్‌వేర్‌లో ఇంత పెద్ద దిద్దుబాటు ఇంత చవగ్గా దొరకదు.

ఇంకా నాలుగు డిగ్రీలు తగ్గించొచ్చేమో, ఫ్యాన్లు పెడితే. హాలులో ఫ్యాన్ల చప్పుడు వద్దన్నారు. సరే.

అసలు కన్ను దేన్ని పట్టుకుంటుంది

కొలతల్లోకి వెళ్లేముందు ఒక మాట. గోడ ఎడమ చివరి నుంచి కుడి చివరికి వెలుగు నెమ్మదిగా 15, 20 శాతం తగ్గినా ప్రేక్షకుడికి తెలియదు. అదే తిన్నటి గీత మీద 2 శాతం మెట్టు ఉంటే వెనక వరుసలో కూర్చున్నవాడికీ తెలిసిపోతుంది. మన కన్ను అంచుల్ని వెతికే యంత్రం. ఎల్‌ఈడీ వాల్ నిండా తిన్నటి అంచులే, మాడ్యూల్‌కి నాలుగు చొప్పున. అందుకే క్యాబినెట్ మధ్యలో మీటర్ పెట్టి తీసిన 60 రీడింగులు ఎంత అందంగా వచ్చినా నేను సంబరపడను. అతుకు దగ్గర ఇటువైపు, అటువైపు ఎంతుందన్నదే చూస్తాను.

అతుకు ప్రస్తావన వచ్చింది కాబట్టి: కొన్ని చోట్ల మాడ్యూళ్ల మధ్య సన్నని తెల్ల గీతలు, కొన్ని చోట్ల నల్ల గీతలు ఉన్నాయి. ఇవి వెలుగు తేడాలు కావు, దూరం తేడాలు. 2.5 మిల్లీమీటర్ల చోట రెండు మాడ్యూళ్లు 0.1 మిల్లీమీటరు దగ్గరగా జరిగితే అక్కడ 4 శాతం ఎక్కువ కిక్కిరిసినట్టు. కన్ను దాన్ని వెలుగు గీతగా చదువుతుంది. ఎడం పెరిగితే నల్ల గీత. 0.1 మిల్లీమీటరు అంటే మామూలు కాగితం మందం. ముందు మాడ్యూళ్లని పట్టి ఉంచే అయస్కాంతాల స్క్రూలు తిప్పి, క్యాబినెట్ల లాకులు సర్ది చేత్తో సరిచేయాలి. మిగిలిన కొన్ని గీతలకే అంచు పిక్సెళ్ల గుణకాలు మార్చాను. గీతలన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే మాయం చేసే అలవాటు నాకు నచ్చదు. ఎదురుగా నిలబడితే మాయమవుతాయి, పక్కకి నడిస్తే మళ్లీ పలకరిస్తాయి.

బ్యాచ్ తేడా

మిగిలింది 44 కొత్త మాడ్యూళ్ల సంగతి. ఎల్‌ఈడీ చిప్పులు ఒకే వేఫర్ (చిప్పులు కోసే పలుచటి పలక) మీద పుట్టినా ఒకేలా ఉండవు. తయారీలో వాటిని వెలుగుని బట్టి, తరంగదైర్ఘ్యాన్ని బట్టి బిన్‌లుగా వేరుచేస్తారు. ఒకేసారి కొన్న సరుకు ఒకటీ అరా బిన్‌ల నుంచి వస్తుంది, పైగా ప్యాకింగ్‌కి ముందే బాగా కలగలుపుతారు. మూడేళ్ల తర్వాత కొన్న సరుకు ఏ బిన్‌దో మన చేతిలో లేదు.

స్పెక్ట్రోరేడియోమీటర్ (వెలుగులోని రంగుని కచ్చితంగా కొలిచే పరికరం) పెట్టి చూస్తే ఎరుపు, నీలం దాదాపు కలిశాయి. గొడవ ఆకుపచ్చ దగ్గర. సీఐఈ 1931 చార్టులో (ప్రతి రంగుకీ ఎక్స్, వై అనే రెండు అంకెలతో చోటు చూపే పటం) పాత ఆకుపచ్చ ఎక్స్ విలువ 0.19, కొత్తది 0.16. రెండింటి వై 0.71. తరంగదైర్ఘ్యంలో చెప్పాలంటే ఐదారు నానోమీటర్ల తేడా. కొత్తవి కొంచెం నీలంవైపు మొగ్గిన ఆకుపచ్చ, పాతవి కొంచెం పసుపువైపు. యూ-ప్రైమ్, వీ-ప్రైమ్ లెక్కలో (కంటికి తెలిసే తేడాకి దగ్గరగా ఉండే ఇంకో రంగు పటం) తేడా 0.011. పక్కపక్కన ఉన్న రంగులకి 0.004 దాటితే కన్ను పట్టేస్తుందని మా పనిలో వాడుక లెక్క. ఇక్కడ దాదాపు మూడింతలుంది.

ఇలాంటి తేడాని బ్రైట్‌నెస్ తగ్గించి పెంచి సరిచేయలేం. అంతకుముందు ఎవరో కంటి అంచనాతో చేసిన ప్రయత్నం అక్కడే ఇరుక్కుంది. తెలుపు కలిసేలా నీలం తగ్గిస్తే చర్మం రంగు చెడింది, చర్మం రంగు దిద్దితే పచ్చిక చెడింది. ఆకుపచ్చ రంగే వేరైనప్పుడు చేయగలిగింది ఒక్కటే: కొత్త మాడ్యూల్‌ని "ఆకుపచ్చ చూపించు" అన్నప్పుడు ఆకుపచ్చతో పాటు చిటికెడు ఎరుపు కూడా వెలిగించడం. చార్టు మీద 0.16 దగ్గరున్న చుక్కని ఎరుపువైపు లాగితే 0.19 దగ్గర వై విలువ దాదాపు 0.687కి దిగుతుంది. అందుకని అందరికీ ఉమ్మడి లక్ష్యంగా 0.19, 0.685 పెట్టుకున్నాను. పాత మాడ్యూళ్లు కూడా తమ 0.71 ముదురుదనం కొంత వదులుకుని అక్కడికి దిగాలి. అంటే గోడ మొత్తం మీద ఆకుపచ్చ కాస్త పలచబడింది. రంగు కలవాలంటే అందరిలోకీ తక్కువ ఉన్నవాడి దగ్గరికే మిగతావాళ్లు వెళ్లాలి, ఎక్కువ ఉన్నవాడి దగ్గరికి ఎవరూ ఎక్కలేరు.

ఇలా ప్రతి ఇన్‌పుట్ రంగుకీ మూడు చిప్పుల్లో ఎంతెంత వెలగాలో చెప్పడానికి పిక్సెల్‌కి తొమ్మిది గుణకాలు కావాలి. మొత్తం గోడకి 2.65 కోట్ల అంకెలు. ఒట్టి వెలుగు మాత్రమే సరిచేసే పద్ధతికి పిక్సెల్‌కి మూడు చాలు. మొదటి రాత్రి నేను వాడింది అదే, టైం కలిసొస్తుందని.

మామూలు కెమెరా ఇంత ముదురు రంగుల్లో ఐదారు నానోమీటర్ల తేడాని నిజాయితీగా చెప్పలేదు. దాని ఫిల్టర్లు మనిషి కంటి ప్రమాణానికి సరిపోవు. కాబట్టి పని పంచాను. ఒక్కో పిక్సెల్ ఎంత వెలుగుతోందో కెమెరా చెబుతుంది. ఏ బ్యాచ్ రంగు చార్టులో ఎక్కడుందో స్పెక్ట్రోరేడియోమీటర్ చెబుతుంది. ఒకే బ్యాచ్ లోపలి చిన్న రంగు తేడాలు ఇందులో మిగిలిపోతాయి. వాటిని కూడా పట్టే ఫిల్టర్ వీల్ కలరీమీటర్లు (కంటి ప్రమాణానికి సరిపోయే ఫిల్టర్లున్న రంగు కొలిచే కెమెరాలు) ఉన్నాయి. ఈ గోడకి అంత అవసరం అనిపించలేదు.

కొలిచే ముందే కరెంటు ఖరారు చేయాలి

ఈ భాగం కొంచెం సాగదీస్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు.

హాలులో దీపాలు మసగ్గా ఉంటాయి. మామూలుగా వాళ్లకి కావాల్సింది 250 నిట్స్ (తెర వెలుగుకి కొలమానం). గోడ సత్తా సగటున 780 నిట్స్. కాబట్టి ఆపరేటర్లు సాఫ్ట్‌వేర్ స్లయిడర్‌ని 32 శాతం దగ్గర పెట్టుకుని వాడుతున్నారు, పొద్దున కిటికీల వెలుతురు ఉన్నప్పుడు మాత్రం పూర్తిగా పెంచుతున్నారు. ఈ సిస్టంలో స్లయిడర్ తగ్గించడమంటే ఎల్‌ఈడీ వెలిగే సమయాన్ని కత్తిరించడం. కరెంటు అంతే ఉంటుంది. సమయం కత్తిరిస్తే గ్రే మెట్లు (నలుపు నుంచి పూర్తి వెలుగు దాకా ఉండే స్థాయిలు) పోతాయి. లెక్క చూడండి: 14 బిట్ల గ్రేస్కేల్ అంటే 16,384 మెట్లు. గామా (ఇన్‌పుట్ స్థాయిని వెలుగుగా మార్చే వంపు) 2.4 పెడితే 255లో 10వ స్థాయి ఇన్‌పుట్‌కి దక్కేది 7 మెట్లు. స్లయిడర్ 32 శాతానికి దిగితే ఆ ఏడు కాస్తా రెండవుతాయి. ఆ రెండుని ఒక పిక్సెల్‌కి 0.9తో, పక్కదానికి 0.7తో గుణించండి. ఒకటి రెండు మెట్ల దగ్గర ఉండిపోతుంది, ఇంకోటి ఒకటికి పడుతుంది. సగానికి సగం తేడా! కార్డు ఫ్రేముల మధ్య అటూ ఇటూ సర్ది కొంత కప్పిపుచ్చినా, చీకటి సీన్లలో గోడ మీద గులాబీ, ఆకుపచ్చ మరకలు తేలడానికి కారణం ఇదే. తెల్లలో మచ్చలేని గోడ నల్లలో మరకలు పడితే, గుణకాలు తప్పని కాదు, వాటికి పని చేసేందుకు మెట్లు లేవని.

దీనికి మందు స్లయిడర్ బదులు డ్రైవర్ ఐసీ కరెంట్ గెయిన్, అంటే చిప్పులకి వెళ్లే కరెంటునే, తగ్గించడం. గెయిన్ సగం చేశాను. గోడ 410 నిట్స్‌కి వచ్చింది. సరిగ్గా సగం కాకుండా కొంచెం ఎక్కువ రావడానికి కారణం, తక్కువ కరెంటు దగ్గర ఆకుపచ్చ, నీలం చిప్పులు మరింత పొదుపుగా వెలుగుతాయి. ఇంకా కిందికి దించలేదు. కరెంటు మరీ తగ్గితే డ్రైవర్ ఐసీ ఛానెళ్ల మధ్య తేడాలే పెరుగుతాయి, పోయిన మచ్చలు ఇంకో దారిలో వస్తాయి. పగటి వెలుతురులో 780 ఇక ఉండదని హాలు వాళ్లకి ముందే చెప్పాను, కిటికీలకి తెరలు వేసుకుంటామన్నారు.

ఇక్కడ మెలిక ఏంటంటే, ఆకుపచ్చ చిప్పు రంగు కరెంటుతో పాటు కదులుతుంది. కరెంటు తగ్గితే తరంగదైర్ఘ్యం పొడవు వైపు జరుగుతుంది, పెరిగితే నీలంవైపు. నీలం చిప్పుకీ ఈ గుణం ఉంది గానీ తక్కువ. కాబట్టి ముందు కేలిబ్రేషన్ చేసి, తర్వాత తీరిగ్గా గెయిన్ మారిస్తే రంగు గుణకాలన్నీ పాత గోడకి రాసినవి అవుతాయి. గెయిన్ ముందు, కొలత తర్వాత. నేను పైన చెప్పిన 0.19, 0.16 కూడా గెయిన్ సగం చేశాక తీసిన రీడింగులే.

కొలత

గంట సేపు 60 శాతం గ్రే వేసి గోడని వేడెక్కనిచ్చాను. షాటుకీ షాటుకీ మధ్య కూడా అదే గ్రే. నల్లగా వదిలేస్తే పది నిమిషాల్లో ఎరుపు మళ్లీ పైకి లేస్తుంది.

కెమెరా 24 మెగాపిక్సెల్, 6000×4000. గోడ మొత్తం ఒకే షాటులో తీస్తే ఒక్కో ఎల్‌ఈడీకి కెమెరాలో రెండు పిక్సెళ్ల పైచిలుకు వెడల్పు దక్కుతుంది. దానితో ఏమీ కొలవలేం. రెండు క్యాబినెట్లు అడ్డం, రెండు నిలువు చొప్పున 15 భాగాలు చేశాను. ఒక్కో ఎల్‌ఈడీకి తొమ్మిది పిక్సెళ్లు, చుట్టూ పక్క భాగాల అంచులు కొంత కలిసేట్టు. పక్క ఎల్‌ఈడీ వెలుగు కలవకుండా నాలుగింటిలో ఒకటి చొప్పున వెలిగించి నాలుగు సార్లు, మూడు రంగులకీ. మొత్తం 180 షాట్లు. షట్టర్ 1/15 సెకను. 60 హెర్ట్జ్ సిగ్నల్‌కి సరిగ్గా నాలుగు ఫ్రేములు పడతాయి, సగం ఫ్రేము తెగి చారలు రావు. ఫోకస్ చేత్తో పెట్టి, ఒక్క వెంట్రుకవాసి తప్పించాను, మొయిరే చారలు (ఎల్‌ఈడీల గళ్లూ కెమెరా పిక్సెళ్ల గళ్లూ కలిసి పుట్టే చారలు) రాకుండా. రా ఫైళ్లు (కెమెరా దిద్దని ముడి ఫొటోలు) మాత్రమే. జేపెగ్ వాడితే కెమెరా తన సొంత గామా కలుపుతుంది.

ఇందులో జాగ్రత్తగా చూడాల్సింది లెన్స్. నాలుగు మీటర్ల దూరం నుంచి 1.28×0.96 మీటర్ల భాగాన్ని చూస్తే మూల దగ్గర కోణం 11 డిగ్రీలు దాటుతుంది. కొసైన్ నాలుగో ఘాతం నియమం ప్రకారం మూలలో వెలుగు 7.5 శాతం తక్కువ పడుతుంది. అది లెన్స్ స్వభావం, గోడ తప్పు కాదు. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి చెప్పకపోతే, మూలలు మసగ్గా ఉన్నాయనుకుని వాటిని పెంచుతుంది. ఫలితం పదిహేను దిండ్లు పక్కపక్కన పేర్చినట్టుండే గోడ. ముందే సమంగా వెలిగే డిఫ్యూజర్ (వెలుగుని పరిచే) షీట్‌ని అదే అపెర్చర్‌లో తీసి ఆ వంపుని లెక్కలోంచి తీసేశాను. తర్వాత ఒకే క్యాబినెట్‌ని ఫ్రేము మధ్యలో ఒకసారి, మూలలో ఒకసారి తీసి పోల్చాను. 1 శాతం లోపు కలిసింది. కలవకపోతే ముందుకి వెళ్లేవాణ్ని కాదు. భాగానికీ భాగానికీ మధ్య మట్టం కలపడానికి ప్రతి భాగం మధ్యలో మీటర్ రీడింగ్ తీశాను. కెమెరాని ట్రైపాడ్ మీద తిప్పకుండా నేల మీద గుర్తులు పెట్టి పక్కకి జరిపాను, ప్రతి భాగాన్నీ ఎదురుగానే చూసేట్టు. పై భాగాలకి ట్రైపాడ్ ఎత్తడం ఒక ప్రహసనం, నా అసిస్టెంట్ కుర్రాడు "అన్నా, ఈ సారి నిచ్చెన తెచ్చుకుందాం" అని నాలుగు సార్లు అన్నాడు.

లక్ష్యం ఎక్కడ పెట్టాలి

అందరిలోకీ మసకగా ఉన్న పిక్సెల్‌ని లక్ష్యంగా పెడితే లక్షల పిక్సెళ్లు దానికోసం తలొంచాలి. నేను వందలో 99 పిక్సెళ్లు చేరగలిగే మట్టం తీసుకుంటాను. మిగిలినవి కొంచెం మసగ్గా ఉన్నా అవి చెదురుమదురుగా ఉంటే కన్ను పట్టించుకోదు.

ఇక్కడ చెదురుగా లేవు. పై ఎడమ మూల రోజంతా కదలని లోగో, తెల్ల నేపథ్యం మీద. మూడేళ్లలో అక్కడి ఆరు మాడ్యూళ్లు మిగతా పాత వాటికంటే ఐదో వంతు దాకా అరిగిపోయాయి. వాటిని ఊడదీసి, పోడియం వెనకాల దాగిపోయే కింది వరుస మాడ్యూళ్లతో మార్చాను. 44 కొత్తవాటిలో గుంపుగా పడ్డ వాటిని కూడా విడదీసి పాతవాటి మధ్య చల్లాను. ఇవన్నీ కొలతకి ముందే. ఈ ఒక్క మార్పుతో లక్ష్యం దాదాపు 8 శాతం పైకి జరిగింది.

ఫలితం, మిగిలినవి

క్యాబినెట్ల మధ్య అతి ఎక్కువ వెలుగుకీ అతి తక్కువ వెలుగుకీ నిష్పత్తి 1.38 ఉండేది, 1.03 అయింది. పాత, కొత్త ఆకుపచ్చల తేడా 0.011 నుంచి 0.002కి దిగింది. తెలుపు డీ65 (పగటి వెలుగు తెలుపుకి ప్రమాణం) దగ్గర, ఎక్స్ 0.313, వై 0.329. మూల్యంగా 16 శాతం వెలుగు పోయి 410 కాస్తా 345 నిట్స్ అయింది. స్లయిడర్ 72 దగ్గర పెడితే వాళ్లకి కావాల్సిన 250 వస్తోంది. పదో స్థాయి ఇన్‌పుట్‌కి ఇప్పుడు రెండు కాదు, ఐదు మెట్లున్నాయి. చీకటి సీన్లలో మరకలు పూర్తిగా పోలేదు, వెతికితే దొరుకుతాయి. వెతకని వాళ్లకి కనిపించవు.

ఈసారి తెల్లవారుజామున ఫొటోలు తీసి సంబరపడలేదు. మూడు గంటల పాటు పూర్తి తెలుపు వేసి కూర్చుని, తర్వాత కొలిచాను. నిష్పత్తి 1.03 నుంచి 1.05కి వెళ్లి ఆగింది.

సరికానిది ఒకటుంది. మొదటి వరుసలో పక్క సీట్ల నుంచి, దాదాపు 50 డిగ్రీల వాలు నుంచి చూస్తే కొత్త మాడ్యూళ్లు ఇంకా వేరుగా తెలుస్తాయి. వాటి ప్యాకేజీ ఆకారం వేరు, పక్కకి వెలుగు చిమ్మే తీరు వేరు. కెమెరా ఎదురుగా నిలబడి రాసిన గుణకాలు ఆ కోణానికి వర్తించవు. ఆ సీట్లకోసం దిద్దితే మధ్య సీట్లకి చెడుతుంది. హాలు వాళ్లని ఆ సీట్లో కూర్చోబెట్టి చూపించి, ఇది ఇంతేనని చెప్పి సంతకం తీసుకున్నాను.

నాలుగు నెలల తర్వాత టెక్నీషియన్ మళ్లీ ఫోన్ చేశాడు. "సార్, మాడ్యూల్ ఒకటి పోతే స్పేర్‌లోది వేశాను. ఆ ఒక్కటే మురికి పట్టినట్టుంది, చుక్కలు చుక్కలుగా." గుణకాలు రిసీవింగ్ కార్డులో ఉంటాయి కదా, పోయిన మాడ్యూల్‌వి ఈ కొత్తదాని మీద పడుతున్నాయి. ఎవరికో కుట్టిన చొక్కా ఇంకొకరికి తొడిగినట్టు. ముందు ఆ ఒక్క మాడ్యూల్ గుణకాలు తుడిచేయమన్నాను. చుక్కలు పోయాయి, గడి మిగిలింది. స్పేర్లు పదీ కేలిబ్రేషన్ చేసిన రోజుల్లోనే కొలిచి ఒక్కోదాని ఫైల్ విడిగా దాచి, వెనక నంబర్ స్టిక్కర్లు అంటించి వచ్చాను. "ఏడో నంబర్ స్టిక్కరేనా?" అని నేనడిగితే వెనక్కి తిప్పి చూసి "అవును సార్, ఏడే" అన్నాడు. ఏడో ఫైల్ మెయిల్ చేశాను, పది నిమిషాల్లో ఎక్కించుకున్నాడు.